రెండు కాయితాల ఊరు

డోర్నకల్ జంక్షన్‌లో దిగి పాత ఊరు దిక్కు నడిస్తే రైల్వే క్వార్టర్లు, ఆ తర్వాత గుడి. మావాళ్లు గుడి అంటే చర్చే. ఇంకే గుడి రానిచ్చింది గనుక మమ్మల్ని?

నిజాం రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకొచ్చింది, 1889లో బెజవాడ చేరింది. ఇల్లందు బొగ్గు కోసం డోర్నకల్ దగ్గర కొమ్మ లైను చీలింది. పుస్తకాల్లో ఇంతే ఉంటుంది. పట్టాల కింద కంకర సర్దీ సర్దీ నడుం వంగిన గ్యాంగ్‌మన్ మా తాత మాత్రం ఎక్కడా ఉండడు.

ఈ ఊరికి 1909లో తిరునెల్వేలి నుంచి ఒకాయన వచ్చాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. నాడార్ల బిడ్డ. నాడార్లకీ ఒకప్పుడు గుళ్లు మూసిపెట్టినవాళ్లే ఉన్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తెలుగు నేర్చుకుని మాల మాదిగ వాడల్లో తిరిగాడు. మావాళ్లు గుంపులుగా మతం మారడాన్ని గాంధీ తప్పుబడితే, ఈయన ఒప్పుకోలేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ పెద్ద గుడికి మసీదు లాంటి గుమ్మటాలు, దేవాలయం లాంటి స్తంభాలు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆయన డోర్నకల్ బిషప్పే.

మా తాత బాప్తీస్మం తీసుకుని తలెత్తుకున్నాడు. ఆ తలకి వెల కట్టింది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కానోడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సడలించారు. క్రైస్తవులకి లేదు. మన దగ్గర మమ్మల్ని బీసీ-సిలో వేసి 1 శాతం ఇచ్చారు.

అన్నని బడిలో వేసిననాడు పంతులు తనే 'హిందూ మాదిగ' అని రాసేశాడు. నన్ను వేసిననాడు అమ్మ పట్టుబట్టింది. "యేసయ్యను దాసిపెట్టి సదివియ్యను సారూ" అంది. అన్న ఎస్సీ, నేను బీసీ-సి. ఒక్క కడుపున పుట్టినోళ్లం, రెండు కులాలు! ఊళ్లో చాయ్ హోటలోడు మాత్రం కాయితాలు చూడలేదు. ఇద్దరికీ అదే వేరే గ్లాసు.

ఇప్పుడు నేనే పంతుల్ని. ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టర్ రాసేది నేనే. మెడలో సిలువ కొంగు కింద దాచుకుని ఏదో తల్లి బిడ్డను తెస్తుంది. కులం, మతం గడుల దగ్గర కలం ఆగుతుంది.

"ఏం రాస్తే మంచిది సారూ?" అని నన్నే అడుగుతుంది.

అన్న ముఖం గుర్తొస్తుంది. అమ్మ ముఖం గుర్తొస్తుంది.