హారియట్ కొండ: రాసినవారు, రాయలేనివారు

పందొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ రచయిత్రుల లోకానికి అండమాన్ దీవులతో ఉన్న బంధం, ఆ కథలో కలం దక్కని ఆడవాళ్లు

ఎర్రటి పాత ఇరవై రూపాయల నోటు వెనకవైపు ఒక బొమ్మ ఉండేది. కొబ్బరిచెట్లు, వాటి అవతల సముద్రం, దూరంగా పచ్చని కొండ, దీపస్తంభం. కోట్లాది చేతులు మారిన ఆ బొమ్మలోని కొండ పేరు మౌంట్ హారియట్. దక్షిణ అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) రేవుకు ఎదురుగా ఉంటుంది. 2021 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని పేరు మౌంట్ మణిపూర్‌గా మార్చింది. 1891లో ఆంగ్ల-మణిపూర్ యుద్ధం తర్వాత మహారాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన సహచరులను ఆ కొండ మీదే బందీలుగా ఉంచారు. వారి స్మృతికి ఆ గౌరవం దక్కడం న్యాయమే. పేరు మారింది కాబట్టి పాత పేరు వెనక ఉన్న మనిషిని కూడా ఒకసారి తెలుసుకోవాలి. ఆమె రచయిత్రి, చిత్రకారిణి, మన దేశంలో తొలితరం మహిళా ఫొటోగ్రాఫర్లలో ఒకరు. ఆమె కథ చెప్పుకుంటే, అదే దీవుల్లో ఆమె కళ్ల ముందే బతికి, ఒక్క అక్షరమూ రాయలేకపోయిన ఆడవాళ్ల కథా చెప్పుకోవాలి.

ఊహలో పుట్టిన ఇండియా

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లీషు సాహిత్యాన్ని రొమాంటిక్ ఉద్యమం ఏలింది. మన రాయప్రోలు, కృష్ణశాస్త్రి తరం భావకవిత్వానికి ప్రేరణ అయిన ఉద్యమమే అది. ప్రకృతి వైభవం, ఒంటరితనం, శిథిలాలు, ప్రవాసం, మనసు లోతులు దానికి ఇష్టమైన వస్తువులు. వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. అదే కాలంలో విరివిగా రాసి, విస్తారంగా పాఠకులను సంపాదించుకున్న స్త్రీల పేర్లు మాత్రం అంతగా వినపడవు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసిన మేరీ షెల్లీ ఒక్కరే మినహాయింపు.

వారిలో సిడ్నీ ఓవెన్సన్ గురించి మనం తెలుసుకుని తీరాలి. ఐర్లండ్ రచయిత్రి. ఇండియా గడప తొక్కకుండానే 1811లో ‘ది మిషనరీ’ అనే నవల రాసింది. లక్సిమా అనే కాశ్మీరీ హిందూ యువతికీ, పోర్చుగీసు మతబోధకుడికీ మధ్య పుట్టిన ప్రేమ దాని కథ. యువకవి షెల్లీ ఆ నవలను ఎంతగానో మెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ ఏలుబడిలో నలిగిన దేశంలో పుట్టిన స్త్రీ, అదే ఏలుబడిలో ఉన్న ఇంకో దేశపు స్త్రీని నాయికగా ఎంచుకుంది. మతం మార్పించాలని వచ్చినవాడి మనసే కదిలిపోయేలా కథ నడిపింది. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లండులో ఇండియా పేరు ఇంటింటా మోగింది. అప్పుడు ఓవెన్సన్ పాత నవలను సవరించింది. 1859లో అది ‘లక్సిమా’ పేరుతో మళ్లీ వచ్చింది. ఆమె కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. అంతకు ఏడాది ముందు, 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. తిరుగుబాటుదారుల కోసం అక్కడ ప్రవాస శిక్షాస్థావరం మొదలైంది. అలా ఒకే తిరుగుబాటు లండన్‌లో ఒక ప్రేమకథకు మరుజన్మ ఇచ్చింది, బంగాళాఖాతంలో కాలాపానీకి జన్మనిచ్చింది.

ఎద్దుబండిలో పుట్టిన బిడ్డ

ఆ కొండకు పేరునిచ్చిన హారియట్ 1828లో అవధ్ ప్రాంతంలో, కంపెనీ సైనికాధికారి ఇంట పుట్టింది. పదకొండేళ్లకే చదువు కోసం ఇంగ్లండులో బంధువుల ఇంటికి పంపారు. పదిహేడో ఏట తిరిగొచ్చేసరికి తండ్రి లేడు. 1848లో కెప్టెన్ రాబర్ట్ టైట్లర్‌ను పెళ్లాడింది. ఆయనకు అది రెండో పెళ్లి.

1857 మే 11న మీరట్ సిపాయిలు ఢిల్లీ చేరినప్పుడు ఆమె నిండు గర్భిణి. పిల్లలతో కర్నాల్ దారి పట్టింది. తర్వాత భర్తతోపాటు ఢిల్లీ రిడ్జ్ మీది బ్రిటిష్ సైనిక శిబిరానికి చేరింది. ఫిరంగులు మోగుతుండగా జూన్‌లో ఎద్దుబండిలోనే కొడుకును కంది. బిడ్డకు స్టాన్లీ డెల్హీ ఫోర్స్ అని పేరు పెట్టారు. ముట్టడి ముగిశాక భార్యాభర్తలిద్దరూ ఫెలిచే బియాటో, డాక్టర్ జాన్ ముర్రేల దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. ఢిల్లీ, లక్నో, కాన్పూర్ శిథిలాలను వందల కొద్దీ చిత్రాల్లో పట్టారు. కూలిన గోడలు, ఖాళీ అయిన మహళ్లు, మనుషులు మాయమైన వీధులు వాటిలో కనిపిస్తాయి. శిథిలాల మీద రొమాంటిక్ యుగానికి ఉన్న మక్కువ కెమెరాలోకి దిగిన సందర్భమది.

చివరి రోజుల్లో, ఇరవయ్యో శతాబ్దం ఆరంభాన, ఆమె తన జ్ఞాపకాలు రాసింది. 1907లో సిమ్లాలో మరణించింది. ఆ రచన 1986లో ఆంథోనీ సాటిన్ సంపాదకత్వంలో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. 1857ను ఒక స్త్రీ కంటితో చూపించే విలువైన పుస్తకమది. తల్లిగా పడిన భయం, పిల్లల ఆకలి, అలసట అందులో దాపరికం లేకుండా ఉంటాయి. అయితే ఆ జ్ఞాపకాల కాలం 1828 నుంచి 1858 వరకే. భర్త అండమాన్ సూపరింటెండెంట్‌గా వెళ్లింది 1862లో. ఏ దీవిలో ఆమె పేరు ఒక కొండకు స్థిరపడిందో, ఆ దీవి ఆమె పుస్తకంలో లేదు.

నవలల్లోంచి తెచ్చి పెట్టిన పేర్లు

టైట్లర్ అండమాన్‌లో 1864 వరకు ఉన్నాడు. పాలన అంతా రాస్ దీవి నుంచి సాగేది. ఇప్పుడది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. 1863 జనవరిలో ప్రాట్ అనే నావికుణ్ని అండమానీలు చంపారు. ముందు దాన్ని అకారణ హత్యగా లెక్కగట్టి ఇద్దరిని బంధించారు. అతడు ఒక అండమానీ స్త్రీ మీద అత్యాచారానికి తెగబడ్డందుకే చంపారన్న సంగతి తర్వాత బయటపడింది.

బందీలకు ఇంగ్లీషువాళ్లు తమకు నోరు తిరిగే పేర్లు పెట్టారు. ఒకడు జంబో, ఇంకొకడు స్నోబాల్. మరికొందరు క్రూసో, ఫ్రైడే అయ్యారు. డానియల్ డిఫో నవలలోంచి ఊడిపడ్డ పేర్లవి. జంబో భార్యకు దక్కిన పేరు టాప్సీ. హారియట్ బీచర్ స్టోవ్ 1852లో ప్రచురించిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’లో నల్లజాతి బానిస పిల్ల పేరు కూడా అదే. బానిసత్వాన్ని ఎదిరించడానికి అమెరికాలో ఒక రచయిత్రి సృష్టించిన పాత్ర పేరుతో ఇక్కడ, బందీ అయిన భర్త దగ్గరికి వచ్చిన ఒక స్త్రీని పిలిచారు. తల్లి పెట్టిన పేరు పోయి, కథలోని పేరు మిగిలింది.

టాప్సీ తెలివైనది. కాస్త ఇంగ్లీషు, కాస్త హిందుస్తానీ పట్టుకుని రెండు పక్షాల మధ్య మాట చేరవేసింది. అండమానీల కోసం మతాచార్యుడు హెన్రీ కార్బిన్ నడిపిన ‘అండమాన్ హోమ్’కు అటువంటి మధ్యవర్తులే ఆధారం. ఆ హోమ్ ద్వారా అండమానీలకు అలవాట్లతోపాటు జబ్బులూ అంటుకున్నాయి. స్థావరం మొదలైనప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనగణన నాటికి 625 మందే మిగిలారు. టాప్సీకి రాయడం వచ్చి ఉంటే పందొమ్మిదో శతాబ్దపు స్త్రీ సాహిత్యంలో అంతకు మించిన పుస్తకం ఉండేదా అని నాకు అనిపిస్తుంది. రెండు లోకాలనూ లోపలి నుంచి చూసిన మనిషి ఆమె.

సూర్యాస్తమయం చూసిన వైస్రాయ్

కొండ ఎక్కి సాయంసంధ్యను చూసి పరవశించడం రొమాంటిక్ యుగం ఐరోపా వారికి నేర్పిన అలవాటు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో శిక్షాస్థావరం తనిఖీ ముగించుకుని, పొద్దు వాలే వేళ హారియట్ కొండ ఎక్కాడు. సూర్యాస్తమయం చూశాడు. దిగి వచ్చేసరికి చీకటి పడింది. హోప్‌టౌన్ జెట్టీ దగ్గర షేర్ అలీ అఫ్రిదీ అనే పఠాన్ ఖైదీ అతణ్ని కత్తితో పొడిచాడు. లేడీ మేయో అప్పుడు రేవులో నిలిచిన ఓడలో భర్త రాక కోసం ఎదురుచూస్తోంది. మన దేశంలో హత్యకు గురైన ఒకే ఒక్క వైస్రాయ్ మేయో. షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు.

కొండ పైనుంచి చూసినవారికి అండమాన్ ఒక అందమైన దృశ్యం. కొండ కింద చెట్లు నరుకుతూ, రాళ్లు కొడుతూ బతికినవారికి అది శిక్ష. ఆ సాయంత్రం రెండు చూపులూ ఒకే జెట్టీ మీద ఎదురుపడ్డాయి.

ఆడ ఖైదీల మౌనం

కాలాపానీ అంటే మనకు మగవాళ్లే గుర్తొస్తారు. 1860ల నుంచి ఆడ ఖైదీలనూ అక్కడికి పంపారు. వారిలో హత్యానేరం మోపబడినవారే ఎక్కువ. కన్నబిడ్డను చంపారన్న ఆరోపణతో వచ్చినవారూ ఉన్నారు. సౌత్ పాయింట్‌లో వారికి వేరే జైలు. కొన్నేళ్ల శిక్ష గడిచాక, సొంతంగా బతకడానికి అనుమతి పొందిన మగ ఖైదీలతో పెళ్లిళ్లు జరిపించేవారు. కులం, ఊరు, భాష ఏవీ కలవని జంటలవి. ఇప్పుడు అండమాన్‌లో ‘లోకల్’ అని చెప్పుకునే కుటుంబాల్లో చాలావాటికి మూలాలు ఆ పెళ్లిళ్లలోనే ఉన్నాయి.

మగ ఖైదీల్లో రాసినవారున్నారు. 1861లో అక్కడే మరణించిన ఫజ్ల్-ఎ-హక్ ఖైరాబాదీ తిరుగుబాటు గురించి అరబ్బీలో రాశాడు. 1866లో అక్కడికి చేరి, 1883 దాకా గడిపిన మౌలానా జాఫర్ థానేసరీ విడుదలయ్యాక ఉర్దూలో తన కాలాపానీ కథ రాశాడు. ఆయన దీవిలోనే ఖైదీ స్త్రీని పెళ్లి చేసుకున్నాడు. ఆ స్త్రీలు మనకు భర్తల పుస్తకాల్లో, అధికారుల నివేదికల్లో తారసపడతారు. ప్రవాసం, విరహం, పోయిన ఊరి జ్ఞాపకం గురించి రొమాంటిక్ కవులు పుటలకు పుటలు రాశారు. వాటిని నిజంగా అనుభవించినవారు ఈ ఆడవాళ్లు.

రాజమండ్రి ఉత్తరాలు

ఈ కథలో మన గోదావరి గడ్డకూ చోటుంది. ‘ఎవెలీనా’ నవలతో జేన్ ఆస్టెన్ తరానికి దారి వేసిన ఫానీ బర్నీకి జూలియా అనే మునిమేనకోడలు ఉండేది. భర్త జేమ్స్ థామస్ జిల్లా జడ్జి కావడంతో ఆమె 1837లో రాజమండ్రి చేరింది. అక్కడ తెలుగు నేర్చుకుంది. భార్యాభర్తలు కలిసి ఊళ్లో బడి పెట్టారు. ఇంటికి ఆమె రాసిన ఉత్తరాలు 1843లో ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ పేరుతో లండన్‌లో వెలువడ్డాయి. పుస్తకం మీద రచయిత్రి పేరు లేదు, ‘ఒక మహిళ’ అని మాత్రమే ఉంది. జూలియా మైట్‌ల్యాండ్‌గా సాహిత్య చరిత్రకు తెలిసింది ఆమే. బజారు, కచేరీ, పండగ, ఎండ, పనివాళ్ల మాటలు అన్నీ ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. తోటి ఇంగ్లీషువారి అహంకారాన్ని కూడా ఆమె వదల్లేదు.

ఆమె వెళ్లిపోయిన నలభై ఏళ్లకు, 1879లో, ఆ రాజమండ్రికి ఎగువన ఉన్న రంప మన్యం భగ్గుమంది. చిగురుపన్ను, అడవి మీద ఆంక్షలు, ముఠాదారుల దోపిడీ కొండజనాన్ని తిరగబడేలా చేశాయి. పట్టుబడ్డవారిలో పలువురిని అండమాన్‌కు పంపారు. వారి ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల గోడు ఏ ఉత్తరాల సంపుటిలోనూ అచ్చుకాలేదు.

తెలుగు స్త్రీకి అచ్చులో చోటు మెల్లగా దొరికింది. పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్లొచ్చి తెలుగులో రాసుకున్న యాత్రానుభవాలు 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకున్న బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో స్త్రీల చరిత్రలు పోగుచేసింది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. జూలియా మన గురించి రాస్తే, జానకమ్మ వారి గురించి రాసింది. అచ్చమాంబ ఎందరో స్త్రీల గురించి రాసింది. ముప్ఫై ఏళ్లకే పోయిన ఆమెకు ఆయుష్షు ఉండి ఉంటే ఇంకెందరి కథలు వెలుగు చూసేవో!

ఇక మన వంతు

2010 జనవరి 26న అండమాన్‌లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు మరణించింది. ‘బో’ భాష మాట్లాడే చివరి మనిషి ఆమె. ఆమెతోపాటు ఆ భాషా పోయింది. పూర్తిగా పోకుండా కాపాడింది మరో స్త్రీ, భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ. ఆమె దీవులకు వెళ్లి బోవా మాటలు, పాటలు రికార్డు చేసింది. గ్రేట్ అండమానీ భాషకు నిఘంటువు తయారుచేసింది. టాప్సీ కాలంలో జరగని పని నూట నలభై ఏళ్ల తర్వాత జరిగింది. ఆలస్యంగానైనా జరిగినందుకు మనం అబ్బీకి రుణపడి ఉన్నాం.

హారియట్, జూలియా ఏలినవారి పక్షాన పుట్టిన స్త్రీలు. వారి చూపుకు హద్దులున్నాయి. ఆ హద్దులు చూపుతూనే వారిని చదవాలి, ఎందుకంటే వాళ్లు రాశారు కాబట్టే ఆ కాలపు గదులూ దారులూ మనకు కొంతైనా కనిపిస్తున్నాయి. అధికారం పక్కన నిలబడినవారికే కలం దొరకడం పందొమ్మిదో శతాబ్దపు స్త్రీ సాహిత్యంలోని పెద్ద అన్యాయం. టాప్సీ పేరు, సౌత్ పాయింట్ స్త్రీల పేర్లు సాహిత్య చరిత్రలో లేకపోవడానికి కారణం వారికి చెప్పుకోవడానికి కథ లేకపోవడం కాదు.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వెళ్లిన కుటుంబాలు జంగ్లీఘాట్ వంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. ఆ ఇళ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు ఓడ ప్రయాణం, మొదటి పాక, 2004 సునామీ గురించి చెబుతూనే ఉంటారు. అక్కడి తెలుగు సంఘాలకు, బడులకు, ఇక్కడి విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు ఒక విన్నపం. ఆ మాటలు రికార్డు చేయండి, అచ్చు వేయండి. జూలియా ఉత్తరాలను, హారియట్ జ్ఞాపకాలను మంచి పీఠికలతో తెలుగు పాఠకుడి చేతికి అందించండి. మీ ఇంట్లో అండమాన్ వెళ్లొచ్చిన పెద్దావిడ ఉంటే, వచ్చే ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే ఆమె పక్కన కూర్చుని చెప్పింది రాసుకోండి.