భూమి తవ్వకాలలో పురావస్తువులు: భట్టిప్రోలు అనుభవం, చట్ట నిబంధనలు

విజయవాడ: భట్టిప్రోలు, ఘంటసాల, గుడివాడ వంటి ప్రాచీన బౌద్ధ క్షేత్రాలకు నిలయమైన కృష్ణా డెల్టాలో పైపులైన్లు, కాలువలు, రహదారుల నిమిత్తం జరిపే తవ్వకాలలో పురావస్తువులు బయల్పడే అవకాశం ఉన్నది. అట్టి సందర్భాలలో పని జరిగే చోట తీసుకునే తొలి నిర్ణయమే కీలకమని భట్టిప్రోలు చరిత్ర తెలియజేస్తున్నది.

భట్టిప్రోలు అనుభవం

1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన పిమ్మట డెల్టాలో కాలువలు, రోడ్లు విస్తరించినవి. ఆ పనులకు సామగ్రి కొరకు, ప్రస్తుత బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు మహాస్తూపాన్ని కూలగొట్టి, ఇటుకలను రోడ్లకు, పాలరాతి ఫలకాలను వెల్లటూరు లాకు నిర్మాణానికి వినియోగించారు.

1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ మిగిలిన దిబ్బను తవ్వించగా, మధ్యభాగంలో శాసనాలు గల రాతి ధాతుకరండాలు మూడు లభించినవి. జార్జి బ్యూలర్ పరిష్కరించిన ఈ ప్రాకృత శాసనాలలో కుబేరకుడనే రాజు ప్రస్తావన కలదు. తెలుగు లిపి పరిణామ చరిత్రకు భట్టిప్రోలు లిపి ముఖ్య ఆధారం. లోతున ఉన్నందువల్ల కరండాలు దక్కినవి. కట్టడాలకు తరలిన ఫలకాల సాక్ష్యం చరిత్రకు దక్కలేదు.

చట్టం ఏమి చెబుతున్నది

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు వివరాలను, దొరికిన స్థలం, తేదీలతో సహా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తెలుపనివారికి ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ప్రభుత్వం ఆ వస్తువును స్వీకరించదలచినచో, దాని విలువకు ఐదవ వంతు అదనంగా కలిపి చెల్లిస్తుంది.

కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో సవరించిన 1958 నాటి చట్టం ఈ పరిధులను నిర్దేశించినది. రక్షిత ప్రదేశంలో తవ్వకాలకు కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అయితే ప్రజలకు నీటి సరఫరా, మురుగు కాలువల పనులు ఈ చట్టంలోని ‘నిర్మాణం’ నిర్వచనం నుండి మినహాయింపబడినవి. కావున మంచినీటి పైపులైన్ల కందకాల విషయంలో క్షేత్ర సిబ్బంది అప్రమత్తతయే ప్రధాన రక్షణ.

క్షేత్ర సిబ్బందికి సూచనలు

పెద్ద ఇటుకల వరుసలు, చెక్కడపు రాళ్లు, శాసనాలు, నాణేలు కనిపించిన వెంటనే ఆ భాగంలో యంత్రాలను నిలిపివేయాలి. వస్తువులను కదల్చకుండా, కడగకుండా ఉన్నచోటనే ఛాయాచిత్రాలు తీసి, లోతును నమోదు చేయాలి. ఏ పొరలో దొరికినదో తెలియనిచో వస్తువు కాలనిర్ణయం కష్టమవుతుంది. స్థానిక తహసీల్దారు ద్వారా కలెక్టరుకు, పురావస్తు శాఖకు సమాచారం అందించాలి. దోపిడీకి అవకాశం లేకుండా, స్థలానికి రక్షణ ఏర్పడేవరకు దాని కచ్చితమైన వివరాలను పత్రికలు ప్రచురించకుండుట శ్రేయస్కరం.