గని మీద గూడు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కోలారు బంగారు గనులలో కూలికి చేరిన మనవారికి మాత్రము చాలకాలము ఆ యోగము లేకపోయినది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినది మొదలు గనీ దానిదే, గూడూ దానిదే. దొరలకు వరండాల బంగళాలు, పూలతోటలు. గనిలో దిగేవారికి వెదురు తట్టీల గుడిసెలు, పిదప లైను ఇండ్లు. ఆ ప్లానులు గీసినవారు పొయ్యి ఎటువైపు ఉండవలెనో మన ఇల్లాండ్రను అడిగియుందురని మాకు తోచదు. 1902లో శివసముద్రమునుండి వచ్చిన కరెంటు సయితము మొదట గని యంత్రములకే గదా!

చాంపియన్ రీఫ్ గని పదివేల అడుగుల లోతు దాటినది. లోపల రాయి ఒత్తిడికి పెఠేలుమని పగిలితే, పైన గోడలు బీటలు వారెడివి.

1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్రము గనులను తీసుకొన్నవి, 2001లో మూతపడినవి. అయినను మనవారెందరో ఆ ఇండ్లను విడువలేదు. గది పెంచుదుము, రేకులు తీసి మిద్దె వేయుదుము అనుచున్నారు. ఇక్కడనే ఆర్కిటెక్టు కావలెను. మేస్త్రీ బీటకు సిమెంటు పూసి పోవును. ఆర్కిటెక్టు బీటపై గాజుముక్క అతికించి నెలలు కాచుకొనును. గాజు పగిలినచో గోడ ఇంకను కదలుచున్నదన్నమాట. మట్టిగోడ కాంక్రీటు బరువు మోయునా అనునది అటుపిమ్మటి లెక్క. ఫీజు దండుగనువారు మనలో ఉన్నారు. మిద్దె కూలిన తరువాత అయ్యే ఖర్చు వారు లెక్కించినట్లు లేదు.