నీతి యెవరి సొత్తు? - కన్యాశుల్క నాటకమును గూర్చి

గ్రంథాలయమునకు వచ్చి, "పిల్లలకు నీతిని బోధించు పుస్తక మొకటి యిప్పించుడు" అని యడుగు పెద్దలు ప్రతి గ్రామమునందును గలరు. వారి చేతికి సుమతీ శతకమో, చిన్నయసూరి నీతిచంద్రికయో అందించుట వాడుక. అవి మంచి గ్రంథములే. 1853లో వెలువడిన నీతిచంద్రిక తరతరముల బాలురకు భాషను, వివేకమును గూడ నేర్పినది. కాని అదే పెద్దల చేతిలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నుంచినచో నాలుగు పుటలు త్రిప్పి, "ఇందు వేశ్య యున్నది, చుట్టలు కాల్చువాడున్నాడు, అబద్ధమాడనివాడు వెదకినను కానరాడు, ఇది పిల్లలు చదువదగినదేనా?" అని సందేహింపవచ్చును. ఆ సందేహము త్రోసిపుచ్చదగినది కాదు. నీతిమంతుల కథలు చదివిన నీతి యలవడునా, అవినీతిపరులను దగ్గరనుండి చూచిన నలవడునా యన్నది పాత ప్రశ్న. ఆ నాటకము పుట్టి పెరిగిన తీరు తెలిసికొన్నచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

అప్పారావుగారు 1862లో జన్మించిరి. విజయనగరము మహారాజావారి కళాశాలలో అధ్యాపకులై, ఆనందగజపతి మహారాజు ఆదరమునకు పాత్రులైరి. ఆ దినములలో విశాఖపట్టణ మండలమున కొన్ని బ్రాహ్మణ కుటుంబములవారు శుల్కము పుచ్చుకొని ఆడుబిడ్డలను వృద్ధులకు కట్టబెట్టుచుండిరి. మహారాజు మూడు సంవత్సరములలో జరిగిన అట్టి వివాహములకు పట్టిక వేయించగా 1034 తేలినవి. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు 3. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. తల్లి కడుపులోనున్న శిశువులకు సైతము బేరములు కుదురుచుండెనని అప్పారావుగారే మొదటి కూర్పు పీఠికలో వ్రాసిరి.

ఈ లెక్కలు చదివిన పిమ్మట ఎవరైనను కన్నీటి నాటకము వ్రాయుదురు. అట్టి కన్నీటి రచన వారే పిమ్మట చేసిరి. ముసలివానికిచ్చి పెండ్లిచేయగా దుర్గ కోవెల చెంత కొలనున కలిసిపోయిన పూర్ణమ్మ కథ నెరుగనివారు తక్కువ. కాని 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడిన కన్యాశుల్కము హాస్యనాటకము. ఇంత ఘోరమునకు నవ్వేల? నిందించినచో శుల్కము గైకొన్న తండ్రి చెవులు మూసికొనును. నవ్వించినచో తనను తాను గుర్తుపట్టకయే కొంతసేపు వినును. నా కట్లు తోచుచున్నది. పాత్రలచేత గ్రాంథికము పలికింపక, ఆ ప్రాంతపు వాడుకమాటనే పలికించుటయు ఇందువలననే. గ్రాంథికమున వ్రాసిన ఈ వ్యాసమును చూచినచో వారు దీనికిని నవ్వియుందురు!

మొదటి కూర్పున నాటకమునకు అంకములు అయిదు. 1909 నాటి రెండవ కూర్పున ఏడు. పెరిగినది పొడవు మాత్రమే కాదు; రచయిత చూపు దురాచారమునుండి మనుష్యులమీదికి తిరిగినది. కన్నకూతురు బుచ్చమ్మను వృద్ధునకిచ్చి, ఆమె విధవయై యింట కూర్చుండగా చూచుచు, రెండవ కూతురు సుబ్బిని గూడ లుబ్ధావధానులను ముదుసలికి అమ్మజూపు అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాడు. భార్య నూతిలో దుమికినను ఆయన పట్టు సడలదు. ఆయన రాక్షసుడు కాడు; కోపమును, పంతమును, ధనాశయు గల ఒక సంసారి. అట్టివారు మన వీధిలో లేరని చెప్పగలమా?

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది గిరీశము పాత్ర. అప్పారావుగారు సంస్కరణాభిమానులు. వితంతు వివాహమును చట్టము 1856లోనే అంగీకరించినది. వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. అట్టి మహోద్యమపు మాటలన్నిటిని తెచ్చి రచయిత ఒక మోసగాని నోట నుంచెను! పూటకూళ్ళమ్మ యింట ఉచితముగా తిని, ఆమె సొమ్ము వాడుకొని, అప్పులవారికి తప్పించుకొని పల్లెకు పోయిన గిరీశము, వితంతూద్ధరణమును గూర్చి బుచ్చమ్మకు బోధించి, ఆమెను లేవదీసికొని పోవును. ఆతడు చెప్పిన మాటలు తప్పు కావు, చెప్పిన నోరు తప్పు. తన పక్షమునందలి కపటమును బయటపెట్టుటకు రచయితకు గుండె కావలెను. పరపక్షమును వెక్కిరించుట ఎవరికైనను సులభమే.

మధురవాణి విషయము వేరు. ఆమె వేశ్య, రెండవ కూర్పున ఆమె పాత్ర మిక్కిలి పెరిగినది. సుబ్బి పెండ్లి తప్పించుటకు మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టును. ఆ తంత్రమునకు తోడ్పడినది మధురవాణియే. మాయపెండ్లికూతురు మాయము కాగా, లుబ్ధావధానులమీద హత్యానేరము పడును. అప్పుడామె పురుషవేషమున సౌజన్యారావు పంతులను న్యాయవాది యింటికి వచ్చును. ఆయన సత్పురుషుడు, వేశ్యల మొగము చూడని వ్రతము గలవాడు. కేసు విడిపోవు రహస్యము తాను చెప్పుదుననియు, వేశ్యయగు మధురవాణిని ఒక్కసారి ముద్దుపెట్టుకొనుటయే దాని వెలయనియు ఆమె చెప్పును. ఒక ప్రక్క తన వ్రతము, మరియొక ప్రక్క నిరపరాధి ప్రాణము! ఆయన చాల తర్కించి చివరకు సిద్ధపడును. సిద్ధపడిన క్షణముననే మధురవాణి వెనుకకు తగ్గును. చెడనివారిని చెడగొట్టరాదని ఆమెకు తల్లి చెప్పియుండెనట.

ఈ ఘట్టమును నేను పలుమారులు చదివితిని. చదివినప్పుడెల్ల సౌజన్యారావుపై గౌరవము తగ్గదు. కాని ఆయన నీతికి ఇదివరలో పరీక్ష యెన్నడు జరిగెనన్న ప్రశ్న మాత్రము మిగులును. గెలిచిన పందెమును వదలుకొనుట ఆ సమయమున మధురవాణికే చేతనైనది. ఆమె చెడు త్రోవ విడిచి పుణ్యవతియైనదని రచయిత ముగింపలేదు. ఆమెను దేవతగా చేయలేదు. ధనము నాశించును, కొంటెమాట లాడును. రామప్పపంతులు వంటి వారిని వేళ్ళమీద ఆడించును. అయినను ఒకరి మేలును చెడుపక విడుచుట ఎట్లో ఆమెకు తెలియును. గిరీశము గుట్టు బయటపడుటయు ఆమెవలననే. బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంపు ఏర్పాటు జరుగును.

ఆ 1034 పెండ్లిండ్లకు హేతువైన ఆచారము ఆ కుటుంబములలో నశించినది. 1929లో శారదా చట్టము బాల్యవివాహములను నిషేధించినది. కాని కన్యకు వెల కట్టుట మానిన కుటుంబములు వరునకు వెల కట్ట మొదలిడినవి. 1961లో వరకట్న నిషేధమునకై వేరొక చట్టము చేయవలసి వచ్చినది. సొమ్ము నడచు దిక్కు మారినదే గాని బేరమాడు బుద్ధి మారలేదు. నాటకము ఆచారమును మాత్రమే కొట్టియుండినచో, ఆచారముతోబాటు అదియు మూలబడియుండును. లుబ్ధావధానుల లోభమునకు, గిరీశము వాక్చాతుర్యమునకు నేటికిని గిరాకి కలదు గనుక గ్రంథము చెదలు పట్టక నిలిచినది.

మనలో చాలమందికి కన్యాశుల్కము 1955లో వచ్చిన చలనచిత్రము వలన తెలియును. లేదా రంగస్థలమున కుదించి ఆడిన ప్రదర్శనల వలన తెలియును. ఏడంకములు ఒక రాత్రిలో ముగియవు గనుక ప్రదర్శకులు కోయక తప్పదు. కోసినప్పుడు తరచుగా పోవునవి చిన్నమనుష్యుల మాటలు. పూటకూళ్ళమ్మ ఏడ్పు, మీనాక్షి భయము, నౌకరు అసిరిగాని విసుగు. వానిని వినగోరువారు పూర్తి పుస్తకమును ఇంటికి కొనిపోవలెను. పెద్దలు మొదట చదివి, పిమ్మట పిల్లలకీయవచ్చును. మధురవాణి ఎవరని వారడిగినప్పుడు ఏమి చెప్పవలెనో అంతలోపల ఆలోచించుకొనుటకు వ్యవధియు దొరకును.