పాసు మార్కులు ముప్పై ఐదు

మా అన్న పదో తరగతి మార్కుల మెమో ఇప్పటికీ అవ్వ ట్రంకుపెట్టెల ఉన్నది. రేషన్ కార్డు, బాపు ఫోటో, ఇంటి జాగ కాయితం, వాటి నడుమ నాలుగు మడతలు పెట్టి దాచింది. మడతల కాడ చినుగుతున్నది. 2002 మార్చి పరీక్షది. తెలుగు 61, సోషల్ 58, సైన్సు 47, లెక్కలు 42, హిందీ 34, ఇంగ్లీషు 31.

హిందీకి అప్పుడు 20 వస్తే పాసు. ఇంగ్లీషుకు 35 రావాలె. అన్నకు నాలుగు మార్కులు తక్కువ పడ్డయి. సప్లిమెంటరీ రాసిండు, 33 వచ్చినయి. మల్ల రాసిండు, 28. ఇంకోసారి ఫీజు కట్టుమని అవ్వ పత్తి ఏరిన పైసలు చేతిల పెడితే, "ఇగ వద్దే అవ్వా, నాతోని కాదు" అని ఆ పైసలు తిరిగి ఆమె కొంగుల ముడేసిండు. తెల్లారి సుతారి పనికి పోయిండు. ఇరవై ఏండ్లు దాటింది, ఇప్పటికీ అదే పని.

ఆ నాలుగు మార్కుల చరిత్ర రాయాలని చాన్నాళ్ల సంది అనుకుంటున్న. చరిత్ర అంటే రాజులది, కోటలది అని మేం బడిల చదువుకున్నం. మా ఇంటి చరిత్రల కోటలు లేవు. ఒక ఏలిముద్ర ఉన్నది, ఒక పరీక్ష ఉన్నది.

మాది చెన్నూరు పక్క ఊరు. 2016 అక్టోబర్ దాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. ఒకదిక్కు గోదావరి, ఇంకోదిక్కు ప్రాణహిత. చెన్నూరు కాడ గోదావరి ఉత్తరానికి తిరుగుతది గనుక పుణ్యక్షేత్రమని ఎక్కడెక్కడోళ్లో వచ్చి మునుగుతరు. అగస్త్యుడు వచ్చిండని గుడి ఉన్నది. మునిగేటోళ్ల సంగతి స్థలపురాణాలల్ల రాసి ఉన్నది. ఒడ్డు పొంటి చేన్లల్ల ఒంగిన నేతకానోళ్ల సంగతి, మాదిగోళ్ల సంగతి ఎక్కడ రాసి ఉన్నదంటే అప్పు కాయితాలల్ల ఉన్నది.

అసొంటి కాయితమే మా తాతకు ఒకటి ఉండెనట. రాసినోడు ఇంకొకడు, ఏలు పెట్టినోడు తాత. ఎకరం చెలక కౌలుకని పెడితే అమ్మినట్టు తేలింది. అది ఉర్దూల ఉండె. నిజాం రాజ్యంల 1880లల్ల పర్షియన్ పోయి ఉర్దూ సర్కారు భాష అయింది. 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 1966ల తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. కాని పెద్ద కచేరిల పెద్ద కాయితం ఇంగ్లీషులనే నడిచింది. ఇన్ని భాషలు మారినా మావోళ్లకు తేడా తెల్వలేదు. ఏలికి పూసిన సిరా ఒకటే రంగు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. ఉన్నత చదువును ఉర్దూలో చెప్పిన విశ్వవిద్యాలయమని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటరు, గొప్పదే. అయితే దానికి ముందు 1917లో నిజాం ఇచ్చిన ఫర్మానాలో ఇంకో సంగతి కూడా ఉన్నది. బోధన ఉర్దూలో జరగాలె, దాంతోపాటు ఇంగ్లీషు తప్పనిసరిగా రావాలె అని. సొంత భాష మీద అంత ప్రేమ ఉన్న ప్రభువుకు కూడా ఇంగ్లీషు లేకుంటే పని నడవదని తెలుసు. ఆ సంగతి మా వాడకు ఎవరూ చెప్పలేదు. మాతృభాష గొప్పతనం చెప్పనీకి మాత్రం చాలామంది వచ్చిండ్రు.

మనోళ్లు ఊకె కూసోలేదు. హైదరాబాదుల 1888లో మాల ఇంట్ల పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డివర్మ అయి, 1910 సంది ఇసామియా బజారుల, లింగంపల్లిల ఆది హిందువుల పిల్లలకు బడులు తెరిచిండు. ఉర్దూ రాజ్యంల తెలుగు చెప్పే బడులు. అవి 26 దాకా పెరిగినయి, రెండున్నర వేల మంది పిల్లలు చదివిండ్రు. అంటరానోని పిల్లకు పలక పట్టిచ్చుడే అప్పుడు యుద్ధం. కాని అవి పట్నం బడులు, గోదావరి దాటి మా దిక్కు రాలేదు.

మా దిక్కుకు దగ్గరి దారి పట్నం నుంచి కాదు, ప్రాణహిత అవతలి నుంచి. ఏరు దాటితే మహారాష్ట్ర. 1956 అక్టోబర్ 14న నాగపూర్ల, రెండు రోజులకు చాందాల అంబేద్కర్ దీక్ష ఇచ్చిండు. ఆయన ఫోటోలు అవతలి ఒడ్డు ఇండ్లల్ల నేను చిన్నప్పుడే చూసిన. మా వాడల విగ్రహం తర్వాత లేచింది. నీలం కోటు, చేతిల పుస్తకం. ఊరంతటిల కోటు ఏసుకున్నది ఆయనొక్కడే.

ఆయన మెట్రిక్ సంగతి నేను డిగ్రీల చదివిన. 1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి పాసయిండు. సంస్కృతం చదువుతనంటే చెప్పలేదు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 750కి 282 మార్కులు. లెక్క ఏసి చూసిన, నూటికి ముప్పై ఎనిమిది కూడ రావు. అంటరాని పిల్లగాడు అంత దూరం వచ్చుడే అపూర్వమని సభ పెట్టి సన్మానం చేసిండ్రు. కేలూస్కర్ గురువు తను రాసిన బుద్ధుని చరిత్ర కానుక ఇచ్చిండు. ఆ పిల్లగాడే 1913ల కొలంబియాకు పోయి, ఇంగ్లీషుల పుస్తకాలు రాసి, ఇంగ్లీషుల దేశానికి రాజ్యాంగం రాసే పనికి పెద్ద అయిండు. 282 దగ్గర ఎవడన్న ఆపి ఉంటే ఏమయ్యేది అని పరీక్ష పేపర్లు దిద్దినప్పుడల్లా నాకు యాదికొస్తది.

నేను పదికి వచ్చేసరికి 2005. మా బడిల ఇంగ్లీషుకు వేరే సారు లేడు, ఇంకో సబ్జెక్టు సారే చెప్పేటోడు. పాఠం ఒకసారి చదువుతడు, కథ తెలుగుల చెప్తడు, జవాబులు బోర్డు మీద రాస్తడు. మేం వాటిని బొమ్మలు గీసినట్టు గీసుకునేది. ఆరో తరగతిల ఏబీసీడీలు మొదలుపెట్టినోళ్లం, నాలుగేండ్లకే వాయిస్ మార్చుడు, డైరెక్టును ఇండైరెక్టు చేసుడు. ఒక దినం వెనక బెంచీలోళ్లను లేపి, "మీకు ముప్పై ఐదు చాలు గదరా, అటెన్క సర్కారే చూసుకుంటది" అన్నడు. క్లాసంత నవ్వింది. పదో తరగతి పరీక్షల ఎవలకూ రిజర్వేషన్ లేదు. దొర కొడుక్కు 35, మాకు 35. రిజర్వేషన్ ఉన్నది ఆ కడప దాటినంక. కడప కాడనే మా అన్న అసొంటోళ్లు ఎందరు ఆగిపోయిండ్రో ఆ నవ్వినోళ్లకు లెక్క తెల్వదు.

మా చదువు ఎట్లుండెనంటే, ఇంగ్లీషు జవాబును తెలుగు అక్షరాలల్ల రాసుకొని బట్టీ పట్టేది. "యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ నాటేబుల్ టు అటెండ్ ద స్కూల్." మా దిక్కు పదో తరగతి దాకా పోయిన ఎవల్ని లేపి అడుగుండ్రి, నిద్రల కూడ ఇది చెప్తరు. సెలవు చీటి. అయిదు మార్కుల ఉత్తరం. గైడుల మొదటి పేజీల ఉంటది, తప్పక వస్తదని గుండ్రంగ గీత గీసి ఇస్తరు.

ఆ చీటి గురించి ఎంత చెప్పినా తక్కువనే. మాకు జరమొస్తే బడికే పోతుంటిమి, ఇంట్ల ఉంటే చూసేటోళ్లు ఎవలు? బడి ఎగ్గొట్టేది పత్తి ఏరే రోజులల్ల. దీపావళి సంది సంక్రాంతి దాకా సగం వాడ పిల్లలం చేన్లల్లనే ఉంటుంటిమి. "పత్తికి పోవాలె, రెండు దినాలు సెలవియ్యుండ్రి" అని ఇంగ్లీషుల ఎట్ల రాయాల్నో ఏ గైడుల లేదు. ఇంక చీటి చివర్ల "యువర్స్ ఒబీడియెంట్‌లీ" అని రాయాలె. దానికి అర్థమేందని అన్నను అడిగితే, "చెప్పినట్టు వినేటోడు అని" అన్నడు. పక్కన కూసున్న తాత, "అంటే బాంచెన్ అన్నట్టే గదరా" అన్నడు. అప్పుడు నవ్వినం. ఇప్పుడు నవ్వు రాదు. తాత దొర ముందల నిలబడి అన్న మాటనే మనుమడు ఇంగ్లీషుల రాసుడు నేర్చుకున్నడు, దానికి అయిదు మార్కులు.

అన్ననే నాకు సారు అయిండు. పొద్దుందాక గోడలు కట్టి, తానం చేసి, విగ్రహం కాడి ట్యూబులైటు కిందికి వచ్చేటోడు. ఫెయిలయినోడు ఏం చెప్తడని వాడల కొందరన్నరు. కాని మూడు మాట్ల రాసినోడు, ఆ గైడు ఆయనకు నోటికొచ్చు. ఒక రాత్రి నేను పాత ప్రశ్నపత్రం ముందల పెట్టుకొని ఉత్తరం ప్రశ్న చదివి, "అన్నా, ఇది సెలవు చీటి కాదే, వేరే ఏదో అడుగుతున్నడు" అన్న. అన్న కాయితం గుంజుకొని చాలాసేపు చూసిండు.

"నేను రాసిన పేపర్ల గూడ ఏదో వేరేనే ఉండె కావచ్చు తమ్మీ" అన్నడు. "లెటర్ అనే మాట కనవడ్డది. చీటి మొత్తం రాసి వచ్చిన. ఒక్క తప్పు లేకుంట రాసిన."

ఆ నాలుగు మార్కులు ఆడ పోయినయని నేను అనుకుంట. జవాబు వచ్చు, ప్రశ్న రాదు. అయిదేండ్లు మాకు జవాబులే చెప్పిండ్రు, ప్రశ్న చదువుడు ఎవరూ నేర్పలేదు. ఆ రాత్రి సంది మేమిద్దరం జవాబులు మూసి ప్రశ్నలే చదివినం. అన్న దగ్గరున్న పాత డిక్షనరీల ఒక్కొక్క మాట ఎతికినం. 2006 మార్చిల నాకు ఇంగ్లీషుల 47 వచ్చినయి. అన్న వాడంత చక్కెర పంచిండు.

తర్వాత సర్కార్లకు కూడ ఇంగ్లీషు యాదికొచ్చింది. 2008-09ల ఉమ్మడి రాష్ట్రంల 6,500 హైస్కూళ్లల్ల ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచిండ్రు, సక్సెస్ స్కూళ్లని పేరు పెట్టిండ్రు. తెలంగాణల 2022-23 సంది సర్కారు బడులల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చిండ్రు. అప్పుడు తెలుగు చచ్చిపోతదని ఏడ్చినోళ్లల్ల ఎందరి పిల్లలు తెలుగు మీడియంల ఉన్నరో చేతులెత్తుమంటే బాగుండు. సావిత్రిబాయి ఫూలే 1854లోనే ఇంగ్లీషు నేర్వుమని శూద్రాతిశూద్రులకు కవిత రాసింది. ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖేరీ జిల్లా బంకా ఊర్ల 2010ల దళితులు ఇంగ్లీషు దేవతకు గుడి కట్టబోయిండ్రు. ఆ కోపం నాకర్థమైతది. దేవత మాత్రం నాకొద్దు. దేవత వస్తే ఎన్కనే పూజారి వస్తడు, మల్ల మనం గుడి బయటనే.

నేను ఇప్పుడు ఇంగ్లీషే చెప్తున్న, సర్కారు హైస్కూలుల. జనవరి వస్తే పదో తరగతి పిల్లలను గ్రేడ్లు చేసి రాస్తం. సాయంత్రం స్పెషల్ క్లాసులు. పాస్ పర్సంటేజి పైకి చెప్పాలె గనుక చివరి గ్రేడు పిల్లలకు తక్కువలో తక్కువ ఏది బట్టీ పట్టిస్తే గట్టెక్కుతరో అది ఏరి ఇస్తం. మొన్నొక ఏడు ఒక బిడ్డ ఏడుస్తుంటే, "నీకు ముప్పై ఐదు చాలు బిడ్డా, భయపడకు" అన్న. ప్రేమతోనే అన్న. అన్నంక నోట్లె మట్టి పడ్డట్టయింది. ఆ చివరి గ్రేడు పేర్లు చూస్తే ఏ వాడ పిల్లలో ఊరోళ్లు ఎవలైనా చెప్తరు. ఆ పేర్లు రాసింది నా చెయ్యే.

తెల్లారి సెలవు చీటి పక్కకు పెట్టిచ్చి, మీకు నిజంగ ఎవలకు ఏం చెప్పాల్నో అది రాయుండ్రి అన్న. సగం మంది ఖాళీ కాయితం ఇచ్చిండ్రు. ఒకడు మల్ల జరం చీటే రాసిండు. ఆ ఏడ్చిన బిడ్డ ఉపాధి హామీ కూలి గురించి రాసింది. "మై ఫాదర్ మనీ నాట్ కమ్. త్రీ వీక్స్. హి వర్క్. వై?" నాలుగు ముక్కలు, నాలుగింటిలనూ తప్పులు. కీ పట్టుకొని దిద్దితే అయిదుకు ఒకటి రావుడే ఎక్కువ. అడుగున ఒబీడియెంట్‌లీ అని మాత్రం రాయలేదు, మర్చిపోయినట్టున్నది. దిద్దకుండ దాచుకున్న. అయినా ఫిబ్రవరిల ఆ బిడ్డతోని జరం చీటి బట్టీ పట్టిచ్చిన. పరీక్ష పరీక్షనే, నేను చేసిన పనిని నేనే సమర్థించుకోలేను. ఆమె పాసయింది.

అన్న బిడ్డ ఇప్పుడు పదిల ఉన్నది, ఇంగ్లీషు మీడియం. లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఇంగ్లీషులనే. మొన్న దసరాకు పోతే అన్న అడిగిండు.

"ఇప్పుడు ఎన్నొస్తే పాసు తమ్మీ?"

"నూటికి ముప్పై ఐదే అన్నా."

"ఒక్క ఇంగ్లీషుకే పోయిన నేను. ఇప్పుడు అన్నీ ఇంగ్లీషేనాయె."

పిల్ల గైడు తెచ్చి కూసున్నది. మొదటి పేజీ తెరిచింది. అన్న సిమెంటు చేతులు లుంగీకి తుడుచుకొని, ఆ గైడు మూసి పక్కకు పెట్టి, పాత ప్రశ్నపత్రం ఆమె ముందలికి జరిపిండు.

"జవాబు తర్వాత బిడ్డా. ముందుగాల ఆడు ఏమడుగుతున్నడో నాకు చెప్పు."