డ్రమ్ములో దాగిన బ్రేకు

గుర్రబ్బండ్ల కాలంలో బ్రేకంటే ఓ చెక్కముక్క. మీట లాగితే అది చక్రం ఇనప పట్టాను ఒరుసుకునేది. రబ్బరు టైర్లు రాగానే ఆ ఉపాయం మూలపడింది, చెక్క టైరునే కొరికేస్తుంది మరి. తొలి కార్లవాళ్లు చక్రానికి డ్రమ్ము బిగించి, దాని చుట్టూ బయటినుంచి పట్టీ వేసి లాగేవారు. చదునునేల మీద బాగానే పట్టేది. మిట్ట ఎక్కుతూ ఇంజను ఆగి బండి వెనక్కి జారిందా, పట్టీ వదులైపోయేది. ఇక వానలో, బురదలో దాని సంగతి చెప్పనక్కర్లేదు.

జర్మన్ ఇంజనీరు మేబాక్ రూపొందించిన 1901 నాటి మెర్సిడెస్ వెనక చక్రాలకు అప్పటికే డ్రమ్ములున్నాయి. కానీ డ్రమ్ము లోపల షూలు, అంటే వంపు తిరిగిన బ్రేకు దిమ్మలు, విచ్చుకునే బ్రేకుకు పేరు మాత్రం 1902లో పేటెంటు తీసుకున్న లూయీ రెనోకే దక్కింది.

ఇందులోని అసలు తెలివి విప్పి చూసినా చటుక్కున అందదు. రెండు షూలూ కవలల్లా ఉంటాయి, పని మాత్రం ఒకేలా చెయ్యవు. తిరిగే డ్రమ్ము ముందు షూను తనలోకి లాక్కుంటుంది, రెండోదాన్ని నెట్టేస్తుంది. మనం కొంచెం తొక్కితే మిగతా పని ముందు షూ తనంతట తానే చేసుకుంటుంది. డిస్కు బ్రేకుకు ఈ గుణం లేదు, అందుకే పెద్ద కార్లలో దానికి తొక్కుడు బలాన్ని పెంచే బూస్టర్ తోడు కావాల్సివచ్చింది.

షూ కుదిరినా దాని మీద అతికే సరుకు, అంటే లైనరు, కుదరాలి కదా. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండదారుల్లో రైతులు బండి బ్రేకు చెక్కకు పాత బూటు తొడగడం హెర్బర్ట్ ఫ్రూడ్ కంటపడిందంటారు. 1897లో ఓ షెడ్డులో మొదలైన అతని ప్రయోగాలే తర్వాత ఫెరోడో కంపెనీ అయ్యాయి. తోలు, నూలు వేడికి మాడేవి. ఆస్‌బెస్టాస్ మాడదు కాబట్టి దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది. దాని పొడి ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తేలాక కూడా వదిలించుకోవడానికి చాలా కాలమే పట్టింది. బ్రిటన్ పూర్తిగా నిషేధించింది 1999లో.

తీగలు, కడ్డీలతో లాగే బ్రేకులు నాలుగు చక్రాలకూ సమంగా పట్టేవి కావు. ఆ చిక్కును విప్పింది మాల్కమ్ లాక్‌హీడ్ ఆయిల్ ఒత్తిడి పద్ధతి. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు అది నాలుగు చక్రాలకూ వచ్చింది. డిస్కులతో జాగ్వార్ 1953లో లమాన్ పందెం గెలిచాక డ్రమ్ముల పని అయిపోయిందన్నారు. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, ఘాట్ దిగేటప్పుడు పెడల్ కిందికి పోయేది అందుకే. అయినా అంబాసిడర్, పద్మిని, చేతక్, బుల్లెట్ ఏళ్ల తరబడి మన రోడ్ల మీద డ్రమ్ములతోనే ఆగాయి. స్ప్లెండర్‌లో 130 మిల్లీమీటర్ల డ్రమ్ము ఇప్పటికీ ఉంది.

ఈ బ్రేకు మరమ్మతు ఇంట్లో కుదురుతుంది, ఎందుకంటే అరిగేదల్లా మార్చుకోవచ్చు. పాత కారైతే ఒకవైపే విప్పండి, స్ప్రింగులు ఏ రంధ్రంలోకి పోతాయో రెండోవైపు చూసుకోవచ్చు. లోపలి పొడిని గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనరులో ఏముందో ఎవరు చూశారు? తడిగుడ్డతో తుడవండి. లైనరు రివిట్ల తల డ్రమ్మును తాకేదాకా అరిగితే డ్రమ్ముకు గాళ్లు పడతాయి. ఆయిల్ పీల్చిన లైనరు ఉప్పుకాగితంతో రుద్దితే బాగుపడదు, కొత్తది వేయించాల్సిందే. వీల్ సిలిండర్ కప్పుల్ని పెట్రోలుతో కడిగితే రబ్బరు ఉబ్బుతుంది, బ్రేకు ఆయిలుతోనే కడగాలి.

గాళ్లు పడ్డ డ్రమ్మును లేత్ మిషన్ మీద టర్నింగ్ చేయించే ముందు అంచు చూడండి. ఎంతవరకు కోయవచ్చో చాలా కార్ల డ్రమ్ముల మీద అంకె పోతపోసి ఉంటుంది. అది దాటితే డ్రమ్ము పాత ఇనుము కిందే లెక్క.