స్ప్లాట్‌బుక్

బల్ల చుట్టూ కూర్చుని, పాత్రల్లోకి దిగి ఆడే ఆటల్లో ఒక్క వర్గానికే కేటాయించిన అదనపు నియమాల పుస్తకం ‘స్ప్లాట్‌బుక్’. కంప్యూటర్ వాడుకలో నక్షత్రపు గుర్తును స్ప్లాట్ అంటారు; ఏ మాటైనా ఇమిడే ఖాళీకి అది గుర్తు. 1991లో వైట్ వోల్ఫ్ సంస్థ ‘వాంపైర్: ది మాస్కరేడ్’ తెచ్చింది. ఆపైన ఒక్కో రక్తపిశాచి వంశానికి ఒక్కో క్లాన్‌బుక్, ‘వేర్‌వుల్ఫ్’ ఆటలో తెగకో ట్రైబ్‌బుక్ వెలువడ్డాయి. ఆటగాళ్లు వాటన్నిటినీ కలిపి ‘*బుక్’ అని రాయడంతో ఈ మాట పుట్టింది.

పేరు లేకున్నా అనుబంధాలు అంతకుముందే ఉన్నాయి. 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకాల్లో బాకుతో పొడిచినా, రెండు చేతుల ఖడ్గంతో నరికినా దెబ్బ తేల్చేది ఒకే ఆరుముఖాల పాచిక. ఆయుధానికో పాచిక నియమించింది 1975 నాటి తొలి అనుబంధం ‘గ్రేహాక్’. దొంగ పాత్రనూ అదే చేర్చింది. ఆటకు ఇంత మేలు చేసిన అనుబంధాలు అరుదు. కొత్తగా ఆడేవారికి మూలగ్రంథమే చాలు. అందులో లేనిదాన్ని ఆట నడిపేవారు అప్పటికప్పుడు తేల్చగలరు. వంశమో తెగో ఎంచుకున్న ఆటగాడికి మాత్రం దాని పుస్తకం నిజంగా అక్కరకొస్తుంది.

ఇప్పుడు ‘స్ప్లాట్’ అన్న ముక్క ఒక్కటే ఆ వర్గానికీ పేరైంది.